పాడైనది పాడైనట్టే బిగించాను

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి, బదిలీల గురించి, రిటైరైన రోజు మెడలో వేసిన దండ గురించి రాయను. ఆ దండ తెల్లారేసరికి వాడిపోయింది, దాని గురించి చెప్పడానికేమీ లేదు. కొండల్లోకీ ఇసుకలోకీ పోయే సర్కారీ జీపులు బాగుచేసే ఒక వర్క్‌షాపులో నా ఉద్యోగమంతా గడిచింది. తెనాలి పక్కనుంచి ఢిల్లీ వచ్చి, చలికి వణుకుతూ చేరాను, ఎండను తిట్టుకుంటూ బయటపడ్డాను. ఉద్యోగం అయిపోయినా చేతులు ఊరుకోవు కదా. జనక్‌పురిలో మా ఇంటి కింద కారు పెట్టుకోవలసిన చోట బల్ల, భాగాలు బిగించి పట్టే వైసు, బరువులెత్తే చెయిన్ బ్లాకు ఉంటాయి. మా ఆవిడ సుగుణ దాన్ని నా రెండో సంసారం అంటుంది. మొదటి సంసారం మీద చూపని శ్రద్ధ అక్కడ చూపిస్తానని ఆమె ఫిర్యాదు. అది నిజమే.

ఇనుముకు దయ్యం పట్టదని నా నమ్మకం. ఇప్పటికీ అదే నమ్మకం. అయినా ఒక జీపు దగ్గర నా ఒళ్ళు జలదరించింది, అదీ పట్టపగలు. ఆ జీపు ఇప్పుడు లేదు, తుక్కుకు పోయింది. దాని కథ చెప్పకుండా నా పని గురించి ఏం చెప్పినా సగమే చెప్పినట్టు.

ముందు వినాలి

మా ఫోర్‌మన్‌ను అందరం సర్దార్‌జీ అనేవాళ్ళం. కోపం ముక్కు మీదే ఉండేది. పానా తప్పుగా పట్టుకుంటే మన చేతి మీదే దానితో తట్టేవాడు. నేను చేరిన కొత్తలో ఎడారి నుంచి ఒక జీపు వచ్చింది. దిగుడులో వెళ్తుంటే కాళ్ళ కింద ఆడమనిషి ఏడుస్తోందని డ్రైవరు చెప్పాడు. ఆ బండి ఇక ముట్టనన్నాడు. ముందు అద్దానికి నిమ్మకాయలు, మిరపకాయలు గుత్తులుగా కట్టి ఉన్నాయి. మేం కుర్రాళ్ళం పగలబడి నవ్వాం.

సర్దార్‌జీ నవ్వలేదు. నన్ను నడపమని పక్కన కూర్చున్నాడు. రిడ్జి రోడ్డు దిగుడులో యాక్సిలరేటర్ వదలగానే వినపడింది. వెక్కి వెక్కి, మధ్యలో ఊపిరి తీసుకుంటూ, అచ్చం మనిషి ఏడుపే.  ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు.

"రో తో రహీ హై," అన్నాడు. ఏడుస్తున్న మాట నిజమే అని. "అబ్ పూఛో, క్యోఁ."

ఎందుకు ఏడుస్తోందో అడగమన్నాడు. వర్క్‌షాపులో చక్రాలు పైకెత్తి, పొడుగు స్క్రూడ్రైవరు కొన ట్రాన్స్‌ఫర్ కేసు అనే ఇనుప డబ్బా మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని అడిగాం. వెనక షాఫ్టు బేరింగు వదులైంది. మార్చాక ఏడుపు ఆగింది. డ్రైవరు నిమ్మకాయలు మాత్రం తీయలేదు.

ఆయన దగ్గర రెండు విషయాలు నేర్చుకున్నాను. ఒకటి, వినకుండా విప్పకూడదు. డ్రైవరు అబద్ధం చెప్తున్నాడనుకుని పని మొదలుపెట్టేవాడు మెకానిక్కే కాడు. రెండోది, చూడకుండా కడగకూడదు. ఈ రెండోది ఇవాళ ఎవరూ పాటించడం లేదు. డబ్బా విప్పగానే భాగాలన్నీ కిరోసిన్ ట్రేలో పడేస్తారు, కొత్త భాగాల కిట్టు వేసి బిగించేస్తారు, బండి బాగానే నడుస్తుంది. అసలు ఏమైందని అడిగితే మాత్రం నోట మాట రాదు. జరిగింది చెప్పగలిగే మురికినంతా అప్పటికే కాలవలో పోసేసి ఉంటారు.

యేసుదాసు జీపు

మా చర్చి సంఘంలో రత్నమ్మగారని ఒక పెద్ద నర్సు ఉండేవారు. మా ఆవిడ కూడా నర్సే, ఆమెకు డ్యూటీలో పెద్దక్కలాంటి మనిషి. ఆవిడ భర్త యేసుదాసు ఎక్స్‌రే టెక్నీషియన్. వేలంలో ఒక పాత ఫోర్-వీల్ జీపు కొని, సెలవులొస్తే భార్యతో కలిసి కొండ గ్రామాలకు మందులు తీసుకెళ్ళేవాడు. అలా ఒక క్యాంపులో, దిగుడులో ఆపిన జీపు కదిలి, ముందు నిలబడి ఉన్న ఆయన మీదికి వెళ్ళింది. రత్నమ్మగారు పరుగెత్తుకొచ్చేసరికి ఆయన ప్రాణం పోయింది, జీపు దిగువన బండరాయిని ఆనుకుని ఆగి ఉంది. స్టీరింగు ముందు సీట్లో వాళ్ళ పాప కూర్చుని ఉంది. ఇంకా బడిలో కూడా వేయని వయసు. పేరు ప్రమీల.

ఆటలో పిల్ల గేరు లీవరు లాగేసిందన్నారు. ఎవరు ముందన్నారో తెలియదు. ఏటా ఆయన జ్ఞాపకార్థ కూడికలో రత్నమ్మగారు కన్నీళ్ళతో ప్రార్థన చేసేవారు. "తెలియక చేసిన నా బిడ్డను నేను క్షమించియున్నట్టే నీవును క్షమించుము తండ్రీ" అనేవారు. ఆ పిల్ల తల మీద ముసుగు వేసుకుని చాప మీద ముందు వరసలోనే కూర్చునేది. అందరం ఆమేన్ అనేవాళ్ళం. ఎంత మంచి తల్లి, ఎంత పెద్ద మనసు అనుకుంటూ లేచి భోజనాలకు కూర్చునేవాళ్ళం. పిల్ల ముఖం ఎవరమూ చూడలేదు. ఇప్పుడు తలచుకుంటే నాకు సిగ్గేస్తుంది.

ప్రమీల పెద్దదై తనూ నర్సయింది. చెంపల దగ్గర తెల్లవెంట్రుకలు వచ్చాయి. వయసు దాటిన బండ్లు ఢిల్లీలో ఉండకూడదు కాబట్టి జీపును తుక్కుకు ఇవ్వక తప్పని రోజు వచ్చింది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక నా దగ్గరికొచ్చింది.

"అంకుల్, అది పోయేలోపు ఒకసారి విప్పి చూస్తారా? ప్లీజ్."

"చూసి ఏం చేస్తావమ్మా?"

"నేనే చేశానా, కాదా తెలియాలి. బస్, అంతే."

ఆమె చెప్పిన ఇంకొక మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. "లీవరు ముట్టుకోలేదనే మొదట్లో చెప్పానట. తరవాత్తరవాత ముట్టుకున్నట్టు నాకే గుర్తు రావడం మొదలైంది అంకుల్. చల్లగా ఉంటుంది, అరచేతికి అంటుకుంటుంది. అది నిజంగా గుర్తో, విని విని తయారైందో సమఝ్ నహీ ఆతా. ఐసీయూలో ఏ మెషీన్ మీట నొక్కాలన్నా పక్క నర్సును పిలుస్తాను."

మర్నాడు వసంత్ కుంజ్‌లో వాళ్ళ గ్రౌండ్ ఫ్లోర్ ఫ్లాటుకు వెళ్ళాను. పక్కనే గ్యారేజీ. టార్పాలిన్ కింద జీపు ఎవరో దుప్పటి కప్పుకుని పడుకున్నట్టుంది. రత్నమ్మగారు గుమ్మం దగ్గరే ఆగిపోయారు.

"దాని లీవరు ఒకచోట ఉండదు తమ్ముడూ. నేను గేర్లో పెట్టి వస్తాను. మళ్ళీ చూస్తే మధ్యలో ఉంటది. మా ఆయన ఇంకా దాంట్లోనే ఉన్నాడు."

నేను సర్దార్‌జీ శిష్యుణ్ణి, నవ్వలేదు. లీవరును నా చేత్తోనే తక్కువ వేగపు 'లో' గేర్లోకి తోసి, టార్పాలిన్ కప్పి, గ్యారేజీకి తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకున్నాను. ముగ్గురం ఇంట్లో కూర్చుని టీ తాగాం. తిరిగొచ్చి టార్పాలిన్ ఎత్తితే లీవరు మధ్యలో ఉంది. బయట కూరగాయల బండివాడి కేక వినపడుతోంది, ఎండ గుమ్మం దాకా వచ్చింది. అయినా నాకు ఆ సీటు వైపు చూడబుద్ధి కాలేదు. టార్పాలిన్ బరువుకే జారి ఉంటుందని పైకి అన్నాను. అదే నిజం కూడా అయి ఉండవచ్చు. 

బల్ల మీద

జీపును క్రేను బండి మీద మా ఇంటికి తెప్పించాను. తెలియనివాళ్ళ కోసం ఒక ముక్క చెప్తాను. ట్రాన్స్‌ఫర్ కేసు అంటే గేర్‌బాక్సు వెనక వేలాడే బరువైన ఇనుప డబ్బా. ఇంజిన్ బలాన్ని ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ అదే పంచుతుంది. దానికి వేరే లీవరు ఉంటుంది. ఆ లీవరు మధ్యలోకి, అంటే న్యూట్రల్‌లోకి వచ్చిందా, ఇక నువ్వు గేర్లో పెట్టి ఆపిన బండి కూడా గేర్లో లేనట్టే. ఆ జీపుకు హ్యాండ్‌బ్రేకు అప్పటికే పనిచేయదు. గేర్లో పెట్టి ఆపడమే యేసుదాసు అలవాటు. పాత జీపుల వాళ్ళందరిదీ అదే అలవాటు, అదే పొరపాటు.

ప్రమీల సెలవు రోజుల్లో వచ్చి టార్చి పట్టుకునేది. భాగాలు కిందామీదా పడేయనిచ్చేది కాదు. ఆపరేషన్ థియేటర్‌లోలాగా స్టీలు ట్రేలో ఏది ఎటు తిరిగి ఉందో అటే తిప్పి వరసగా పెట్టేది. అడుగు మర తీయగానే నల్లటి నూనె ముద్దలు ముద్దలుగా, పాత దీపపు కుందె వాసనతో దిగింది.

"పోస్ట్‌మార్టమ్‌లా ఉంది అంకుల్," అంది.

అలవాటు కొద్దీ నా చేయి కిరోసిన్ డబ్బా మీదికి పోయింది. వెనక్కి తీసుకున్నాను. ఈ డబ్బాను కడగకూడదు.

లీవరు కింద ఒక కడ్డీ ఉంటుంది. దాని మీద చిన్న చిన్న గుంటలు. గుంటలో ఒక ఉక్కు గోళీ కూర్చుంటుంది, గోళీని వెనకనుంచి ఒక స్ప్రింగు నొక్కి ఉంచుతుంది. గేరు పడ్డప్పుడు చేతికి తెలిసే టక్కుమనే దెబ్బ ఆ గోళీదే. అది గట్టిగా కూర్చుంటేనే లీవరు ఎక్కడ పెడితే అక్కడ ఉంటుంది. వాటిని మూసి ఉంచే మర విప్పి చూస్తే స్ప్రింగు రెండు ముక్కలైంది. ఒక ముక్క రెండోదాని చుట్లలోకి దూరి పొట్టిగా అయిపోయింది. గోళీని నొక్కే బలం దాంట్లో లేదు. గేరు పళ్ళ అంచులు కూడా అరిగి ఏటవాలుగా ఉన్నాయి, పట్టు జారడానికి సిద్ధంగా ఉన్నట్టు.

విరిగిన చోట భూతద్దం పెట్టి చూశాను. కొత్తగా విరిగిన ఉక్కు గరుకుగా ఉంటుంది. ఇది అద్దంలా నున్నగా ఉంది. అంటే విరిగాక చాలా దూరం నడిచింది, ముక్కలు ఒకదానికొకటి రాసుకున్నాయి. ప్రమాదం తర్వాత ఆ జీపును లారీ మీద తెచ్చారు, ఇంజిన్ మళ్ళీ తిప్పలేదు. కాబట్టి యేసుదాసు ప్రాణం పోయిన రోజుకు ముందే ఆ స్ప్రింగు విరిగి ఉంది.

ఇది చెప్పగానే ప్రమీల బల్ల అంచు పట్టుకుంది. "అయితే నేను కాదు కదా అంకుల్?"

నేను నోరు తెరిచేలోపు, ఆ రోజు కూతురితో వచ్చి కుర్చీలో కూర్చున్న రత్నమ్మగారు నెమ్మదిగా అన్నారు. "అయితే పసిపిల్ల చేతికి కూడా కదిలేదన్నమాట."

ఆవిడ కసితో అనలేదు. ఆలోచిస్తూ అన్నారు. అందుకే మరీ బాధేసింది. పైగా ఆ మాటలో తప్పు లేదు. స్ప్రింగు మంచిదైతే ఆ వయసు పిల్ల ఆ లీవరును లాగలేదు. విరిగింది కాబట్టే లాగగలదు. కూతుర్ని విడిపిస్తుందనుకున్న ఇనప ముక్క ఆమెను ఇంకా గట్టిగా పట్టుకుంది. ప్రమీల చేతి తొడుగులు తీసి, మడిచి, ట్రే పక్కన పెట్టి మెట్ల మీదికి వెళ్ళి కూర్చుంది. మా ఆవిడ వెళ్ళి పక్కన కూర్చుంది.

తిరగేసిన పని

బల్ల మీద కొత్త కిట్టు సిద్ధంగా ఉంది. కొత్త బేరింగులు, సీళ్ళు, గోళీ, స్ప్రింగు. తుక్కుకు పోయే బండికి కిట్టు ఎందుకని మీరు అడగవచ్చు. పాడుగా ఉన్నదాన్ని పాడుగా వదిలి పంపడం నాకు చేతకాదు, అంతే. కానీ అవి వేసి బిగిస్తే ప్రమాదం నాటి జీపు ఇక ఉండదు. దాన్ని అడగడానికి ఏమీ మిగలదు.

అందుకని నా సర్వీసులో ఎన్నడూ చేయని పని చేశాను. అరిగిన గేరును అరిగినట్టే, వదులైన బేరింగును వదులుగానే, విరిగిన స్ప్రింగును ఒకదాంట్లో ఒకటి దూర్చి, ఏది ఎటు తిరిగి ఉందో అటే పెట్టి డబ్బా మళ్ళీ బిగించాను. ప్రమీల ట్రేలో పెట్టిన వరస లేకపోతే అది కుదిరేది కాదు. చెప్పడం తేలిక, నా చేయి మాత్రం ఒప్పుకోలేదు. ప్రతి మర దగ్గరా ఆగిపోయేది. తెలిసి తెలిసి చెడ్డ డబ్బా కడుతున్నాను, ఒక మనిషిని చంపిన డబ్బాను చంపేటట్టుగానే కడుతున్నాను. చివరి బోల్టు బిగించాక చేతులు రెండుసార్లు కడుక్కున్నాను.

మా వీధి చివర కొత్తగా కట్టిన అంతస్తుల ఇళ్ళ కింద బేస్‌మెంటు ఉంది. ఇంకా ఎవరూ చేరలేదు. కాంట్రాక్టరు నాకు తెలిసినవాడు, ఒక మధ్యాహ్నం ర్యాంపు వాడుకోమన్నాడు. అడుగున పాత టైర్లు గోడలా పేర్చాం. జీపు టైర్లలో గాలి కొట్టి, దాన్ని కిందికి ముఖం పెట్టి ర్యాంపు మధ్యలో నిలిపాం. గేర్‌బాక్సును గేర్లో పెట్టి, రెండో లీవరును 'లో' గేర్లో పెట్టాను. ఇంజిన్ ఏనాడో బిగుసుకుపోయింది కాబట్టి ఆ గేరు పట్టి ఉన్నంతసేపు జీపు కదలదు. క్రేను గొలుసు విప్పేశారు. జీపులో ఎవరూ లేరు. ముందువైపు ఎవరినీ నిలబడనివ్వలేదు. తలుపులు లేని జీపు కాబట్టి లీవరు పక్కనుంచి కనపడుతోంది.

తల్లీ కూతురూ నేనూ పక్కగా నిలబడి ఎదురుచూశాం. పైన ఎండ మండిపోతోంది, కింద బేస్‌మెంటు నల్లగా నోరు తెరుచుకుని ఉంది, దాంట్లోంచి తడి సిమెంటు చల్లదనం కాళ్ళకు తగులుతోంది. లీవరు కదల్లేదు. మా నీడలు జరిగాయి. లీవరు కదల్లేదు. ఖాళీ సీటును అంతసేపు చూస్తే అక్కడ ఎవరో చిన్నగా ఒదిగి కూర్చున్నట్టు అనిపించడం మొదలవుతుంది. నాకూ అనిపించింది. దాచడమెందుకు.

"ఠీక్ హై అంకుల్," అంది ప్రమీల. గొంతులో ఏడుపూ లేదు, కోపమూ లేదు. "నేనే. వదిలేయండి. తెలిసింది కదా, చాలు."

  అప్పుడు రత్నమ్మగారు నా చొక్కా పట్టుకుని లాగారు.

"తమ్ముడూ, సుత్తి ఏదీ?"

"సుత్తి ఎందుకక్కా?"

"ఆ రోజు ఆయన ముందు నిలబడి ఏదో కొడతన్నాడు. స్ప్రింగు పట్టీ దగ్గర అనుకుంటా, కిర్రుమంటందని పొద్దున్నుంచీ గొణుగుతానే ఉన్నాడు. నేను గుడారంలో సూదులు ఉడకబెడతన్నాను. దెబ్బ మీద దెబ్బ. ఆపు మహాప్రభో, పిల్ల జడుసుకుంటదని కేకేశా కూడాను. మోత ఆగింది. నా మాటకే ఆపాడనుకున్నా."

ఇన్నేళ్ళలో ఈ మాట ఆవిడ ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా. పిల్ల గురించే అడిగారు, జీపు గురించి ఏ ఒక్కరూ అడగలేదు.

సుత్తి తీసుకుని చక్రం వెనకవైపు, పక్కకు నిలబడి, ముందువైపు కుదుపులు ఆపే స్ప్రింగు పట్టీ మీద కొట్టాను. ఆ మోత బేస్‌మెంటులోకి పోయి తిరిగి వచ్చింది. మళ్ళీ కొట్టాను. ప్రమీల "అంకుల్, అంకుల్" అని గుసగుసగా అంది. చూస్తే ప్రతి దెబ్బకూ లీవరు వణుకుతోంది. వణికి, ఒక వెంట్రుకవాసి జరిగి, ఆగుతోంది. కనపడని చేయి ఎవరిదో దాన్ని కొంచెం కొంచెంగా దగ్గరికి లాక్కుంటున్నట్టుంది. ఇంకొక దెబ్బ వేశాను.

టక్.

లీవరు మధ్యలో నిలబడింది. జీపు ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగి, బయలుదేరింది. ఏ చప్పుడూ లేదు, టైర్ల కింద ఇసుక నలిగిన చప్పుడు తప్ప. ఖాళీ సీటు ముందు స్టీరింగు దానంతటది కొంచెం ఇటు, కొంచెం అటు తిరుగుతూ చీకట్లోకి దిగిపోయింది. తర్వాత టైర్ల గోడను గుద్దుకుంది. రత్నమ్మగారు చెవులు మూసుకున్నారు.

నేను ఇక్కడ నోరు మూసుకుంటే అందరికీ హాయి. కానీ ఈ పనిలో ఉన్నవాడు చెప్పి తీరవలసిన మాట ఒకటుంది, చెప్పాను. "అక్కా, ఎవరూ ముట్టుకోకుండా ఈ జీపు కదలగలదని ఇవాళ తేలింది. ఆ రోజు అలాగే కదిలిందని మాత్రం ఇనుము సాక్ష్యం చెప్పదు. నేను కూడా చెప్పలేను. అది మీరే తేల్చుకోవాలి."

ఈ పనిలోకి వచ్చే మీరూ అంతవరకే చెప్పండి. ఒక్క ముక్క ఎక్కువ చెప్పినా అది మెకానిక్ మాట కాదు.

రత్నమ్మగారు ర్యాంపు కిందికి చూశారు. తర్వాత కూతురి దగ్గరికి వచ్చి, ప్రార్థనలో పెట్టినట్టే తల మీద చేయి పెట్టారు. ప్రమీల ఒళ్ళు బిగుసుకుంది. మళ్ళీ అదే ప్రార్థన వస్తుందనుకుంది కాబోలు.

"ఏటా నిన్ను క్షమించానని దేవుడి ముందు, పదిమంది ముందు చెప్పానే," అన్నారు రత్నమ్మగారు. "ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. క్షమించడానికి నువ్వేం చేశావే నా తల్లీ? నువ్వేం చేయలేదు."

ప్రమీల ర్యాంపు మీదే కూలబడి, తల్లి చీర కుచ్చిళ్ళు రెండు చేతులతో పట్టుకుంది.

"ఇంకోసారి అనమ్మా."

ఆవిడ అన్నారు. ఆ సాయంత్రం ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు అన్నారు.